నూట నలభై నాలుగు రోజులు

మంగళవారం సాయంత్రాలు
పప్పుల మిల్లులో షిఫ్టు దిగి
జుట్టులో ఎర్ర పొట్టుతోనే
నోరీన్ వంటింట్లో కూర్చుంటాను.
మిన్యిప్ దాటాక నాలుగు కిలోమీటర్ల మట్టిరోడ్డు,
ఫిబ్రవరి, నలభై రెండు డిగ్రీలు,
ఈగల కోసం తలుపుకు జాలీ.

ఆమెకు అరవై ఒకటి.
పద్నాలుగో ఏట బడి మానేసి
గొర్రెల ఉన్ని ఏరడానికి పోయింది.
ఇప్పుడు వృద్ధుల ఆశ్రమంలో పనికి పరీక్ష రాయాలి.
"ఎక్స్ అంటేనే వణుకు నాకు" అంది మొదటి రోజు,
"తప్పుకి టీచరు పెట్టే గుర్తు కదూ అది!"

పుస్తకంలో స్తూపాలు మూసేశాను.
"కిటికీలోంచి చూడు, నీ లెక్క అక్కడ నిలబడి ఉంది."
అలలరేకు ట్యాంకు. వాన పడితేనే నీళ్ళు.
వాన నవంబరులో పడింది.

టేపు ఆ కొస నేను, ఈ కొస ఆమె:
అడ్డంగా మూడు మీటర్లు.
మూత తీసి కర్ర దించితే
తడిసింది ఎనభై సెంటీమీటర్లు.
వారమంతా గోడమీద రాసుకుంది తను
స్నానం ఇంత, గిన్నెలకి ఇంత, కోళ్ళకి, రెండు కుక్కలకి ఇంత:
వెయ్యీ తొంభైతొమ్మిది లీటర్లు.
ఏడుతో భాగించు.
రోజుకి నూట యాభై ఏడు.

ఇప్పుడు ఒక్కో మెట్టూ.
పై. దాన్ని మూడు పాయింట్ ఒకటి నాలుగు అనుకుందాం.
మూడు మూళ్ళు తొమ్మిది.
ఇంటూ సున్నా పాయింట్ ఎనిమిది.
నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని
ఇరవై రెండు వేల ఆరువందల ఎనిమిది లీటర్లు తేల్చింది.
ఎక్స్ రోజులు. నూట యాభై ఏడు ఎక్స్ ఈక్వల్ టు అంత.
గుణించేది గీత దాటితే భాగిస్తుంది.
ఎక్స్ నూట నలభై నాలుగు!

లేచి నిలబడింది.
జూలై దాకా నీళ్ళు!
కుళాయి విప్పి ముఖం కడుక్కుంది, మెడ కడుక్కుంది,
కుక్కల గిన్నె పొంగేదాకా నింపింది.
నేనూ కాదనలేదు. అంత వేడిలో
అన్ని నీళ్ళున్నాయంటే ఎవరికి చేదు?

మూడు మూళ్ళు. ఏదో గుచ్చుకుంది.
మాకు చెప్పింది వ్యాసార్ధం.
పేరులోనే ఉంది సగం,
అర్ధమో అర్థమో, మా బళ్ళో రెండూ ఒకేలా పలికేవాళ్ళం,
ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే.
ఆమె భాషలో ఆ మాటకి సగం కనిపించదు.

"నోరీన్, కుళాయి కట్టెయ్."

ఒకటిన్నర ఇంటూ ఒకటిన్నర, రెండుంపావు.
అక్కడినుంచి అన్నీ మళ్ళీ.
రబ్బరుతో చెరపనివ్వలేదు,
తప్పు పక్కనే రాయమన్నాను.
అయిదువేల ఆరువందల యాభై రెండు.
ఎక్స్ ముప్పై ఆరు.
సగం చెయ్యడం మరిచిపోతే
నాలుగింతలు పోయాయి నీళ్ళు.
ఇద్దరం కుక్కల గిన్నె వైపు చూశాం.

క్లైవ్ బూట్లు విప్పుతూ లోపలికొచ్చాడు.
వస్తూ వస్తూ ట్యాంకుని మెటికలతో కొట్టాడట
కిందనుంచి పైకి, మోత మారిన చోటు దాకా.
"నెలా అయిదారు రోజులొస్తాయి," అన్నాడు,
ఏం లేదన్నట్టు.

నోరీన్ పెన్సిల్ దించలేదు.
"నీది జవాబు క్లైవ్. మెట్లేవి?
మెట్లు లేకపోతే మార్కులివ్వరు."

రాత్రి గిన్నెలు కడిగిన నీళ్ళు తొట్టిలోకి వంపి
నిమ్మచెట్టు దగ్గరికి మోసుకెళ్తూ
గుమ్మంలో ఆగి అడిగింది:
"ఇవి రెండోసారి వాడుతున్నాం కదా,
వీటిని కలపాలా, తీసెయ్యాలా?"

నాకు వెంటనే తోచలేదు.
వచ్చే మంగళవారం చెబుతానన్నాను.